నూకరత్నం కరాటే డ్రెస్సు

రైల్వేగేటు వీధిలో బుర్రావారి ఇల్లని ఒకటుంది. ఇంటిపేరు తప్ప ఆ ఇంట్లో బుర్ర జాడ ఎక్కడా కనపడదు. కానీ వాళ్ళనడిగి చూడండి! "లోకంలో అందరికీ బుర్ర తలలో ఉంటుంది, మాకు పేరులోనే ఉంది" అంటాడు గవర్రాజు. అతని తల్లి చిట్టెమ్మ అవునంటే అవునని తలూపుతుంది. భార్య నూకరత్నం చప్పట్లు కొడుతుంది.

ఆ నూకరత్నం ఏడాదిగా కరాటే నేర్చుకుంటోంది. పాపం, బుద్ధి లేకపోయినా కాళ్ళూ చేతులూ గట్టివి. పుట్టి బుద్ధెరిగి ఏ పరీక్షా పాసవలేదు కాబట్టి, ఈ బెల్టు ఒక్కటైనా నడుముకి కట్టుకోవాలని ఆవిడ ఆశ. ఆదివారం పరీక్షనగా కరాటే మాస్టారు పిలిచి చెప్పాడు.

"అమ్మా, డ్రెస్సు మురిగ్గా ఉంటే లోపలికి రానివ్వను. తిరగేసి ఉతకండి. గంజి పెట్టండి. నీడలో ఆరెయ్యండి. అంతే."

అంతేనట! ఎవరితో చెబుతున్నాడో ఆయనకేం తెలుసు?

శనివారం పొద్దున్నే అత్తాకోడళ్ళు పెరట్లోకి దిగారు. "తిరగేసి ఉతకమన్నారు అత్తయ్యా" అంది నూకరత్నం.

"దేన్ని తిరగెయ్యాలో చెప్పాడా?"

"లేదు."

"అయితే అన్నీ తిరగేసేద్దాం. ఏదో ఒకటి సరిపోతుంది."

ఇంకేముంది! నీళ్ళ బకెట్టు తిరగేశారు, తొట్టి తిరగేశారు, సబ్బుపొడి డబ్బా కూడా తిరగేశారు. నీళ్ళన్నీ వీధిలోకి పోయాయి, పొడి కాలవలోకి పోయింది. మళ్ళీ నీళ్ళు తెచ్చి, బోర్లాపడ్డ తొట్టిమీదే డ్రెస్సుని బాదారు. తొట్టి పగిలింది. డ్రెస్సు మాత్రం, వాళ్ళ పుణ్యం కాదుగానీ, తెల్లగానే వచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది.

"ఇప్పుడు గంజి పెట్టాలి" అన్నాడు గవర్రాజు.

డ్రెస్సుని కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు స్టూలు వేసి, గిన్నెలో గంజి పెట్టారు. ముగ్గురూ ఎదురుగా కూర్చుని చూశారు. డ్రెస్సు కదల్లేదు.

"తినడం లేదేమే?" అన్నాడు గవర్రాజు పెళ్ళాంతో.

"కొత్త కదా, సిగ్గేమో."

"సిగ్గు కాదు, చప్పటి గంజి ఎవరికి సహిస్తుందిరా?" అని చిట్టెమ్మ లేచెళ్ళి ఇంత ఆవకాయ తెచ్చి కలిపింది. "నువ్వే తినిపించు రత్నం, నీ డ్రెస్సేగా!"

నూకరత్నం గిన్నె ఎత్తి కాలర్లోంచి గడగడా పోసేసింది. ఎర్రటి నూనె మెడ దగ్గర మొదలై మోకాళ్ళదాకా దిగింది.

"మీద పోసుకుంది చూడు, తినడం కూడా రాదు" అని గవర్రాజు డ్రెస్సునే తిట్టాడు.

ఇక నీడ. మిట్టమధ్యాహ్నం పెరట్లో నీడెక్కడుంటుంది? గవర్రాజు ఎండలో నిలబడి, "నా నీడలో వెయ్యండి" అన్నాడు. చూస్తే నీడ అతని పాదాల కిందే ఉంది. అంతే, డ్రెస్సు పరిచి అతన్ని దానిమీద నిలబెట్టారు. కాసేపటికి పక్కింటి గేదె అటుగా వచ్చింది.

"ఒరే, దాని నీడ నీ నీడకంటే వెడల్పురా!" అంది చిట్టెమ్మ.

గేదెకి గడ్డి వేసి, డ్రెస్సుని దాని కిందకి జరిపారు. గడ్డి తిన్న గేదె ఏం చేస్తుందో అదే చేసింది. మరికాస్త తిని మరికాస్త చేసింది.

ఆదివారం నూకరత్నం ఆ డ్రెస్సు వేసుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని, ఛాతీ విరుచుకుని హాల్లోకి వెళ్ళింది. వరుసలో అటువాళ్ళు అటూ ఇటువాళ్ళు ఇటూ జరిగిపోయారు. మాస్టారు ముక్కు మూసుకున్నాడు.

"ఏంటమ్మా ఈ వాలకం?"

"మీరు చెప్పినవన్నీ చేశామండి. గంజే సరిగ్గా తినలేదు."

మాస్టారికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. "ముందు మీ ఆయన్ని తోడు తీసుకెళ్ళి, గదిలో బట్టలు మార్చుకుని రండి" అన్నాడు.

వెళ్ళారు. మార్చుకున్నారు. గవర్రాజు బొజ్జ బయటికి తన్నుకొస్తున్న కరాటే డ్రెస్సులో వచ్చాడు. నూకరత్నం అతని లుంగీ, గళ్ళచొక్కాతో వచ్చింది. హాలంతా గొల్లుమంది. నూకరత్నానికి మొదటిసారి ఏదో తేడాగా ఉందనిపించి, గుడ్లనీళ్ళు కుక్కుకుంది. "ఏడాదిపాటు తన్నానండీ మాస్టారూ!"

మాస్టారి మనసు కరిగింది. "ఏడవకండమ్మా. మీ పరీక్ష సాయంత్రం పెడతాను. మీరింక ఏమీ చెయ్యొద్దు. దీన్ని తిన్నగా తీసుకెళ్ళి లాండ్రీ సింహాచలానికి వేసెయ్యండి. మిగతాదంతా అతనే చూసుకుంటాడు."

ఇంకేముంది! గవర్రాజు ఇంటికెళ్ళి డ్రెస్సు విప్పి చంకలో పెట్టుకున్నాడు. ముగ్గురూ లాండ్రీలో దూరి తలుపేశారు. సింహాచలం ఇస్త్రీపెట్టె వదిలేసి కేకలు పెట్టాడు, బల్ల ఎక్కాడు, దిగాడు. నూకరత్నం ఒక్క తోపుతో పడేసి, మోకాలితో అదిమిపట్టింది. ఏడాది నేర్చిన పట్లన్నీ ఆ బక్కపలచని మనిషిమీదే వేసింది. తల్లీకొడుకులు చొక్కా తొడిగారు, లాగు ఎక్కించారు, బెల్టు బిగించారు.

సాయంత్రం ముగ్గురూ కలిసి, ఆవకాయా పేడా కంపుకొడుతున్న సింహాచలాన్ని మోసుకొచ్చి హాలు మధ్యలో నిలబెట్టారు.

"వేసేశామండి" అంది నూకరత్నం, చెమట తుడుచుకుంటూ.

"మరి మీ పరీక్షో?" అన్నాడు మాస్టారు నీరసంగా.

నూకరత్నం లుంగీ సర్దుకుని, వెళ్ళి చూసేవాళ్ళ బెంచీమీద దర్జాగా కూర్చుంది.

"మిగతాదంతా అతనే చూసుకుంటాడన్నారు కదండీ! ఊఁ, సింహాచలం, మొదలెట్టు. గట్టిగా తన్నాలి సుమా, బెల్టు పోయిందంటే ఊరుకోను!"