ఊఁ కొట్టకూడని మాట

అనగనగా గోమేధికపురమని ఒక ఊరు, ఆ ఊరికొక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఊఁ కొట్టండర్రా! మీరు ఊఁ కొట్టకపోతే నాకు నోరు పెగలదు.

చిన్నవాడైన గుణాకరుణ్ణి కని రాణి కన్నుమూసింది. ముగ్గుర్నీ దాది నాంచారమ్మే పెంచింది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మగపిల్లలకి అన్నం పెడుతూ వీరుల కథలే చెప్పాలి. ఒక మాట, ఒక ఊఁ, ఒక ముద్ద.

"రాకుమారుడు ఏడు సముద్రాలూ దాటాడు." ఊఁ. ముద్ద.

"మాంత్రికుడి ప్రాణం పంజరంలో చిలకలో ఉంది." ఊఁ. ముద్ద.

"చిలక మెడ నులిమాడు, మాంత్రికుడు చచ్చాడు." ఊఁ. ఆఖరి ముద్ద. ఇంకేముంది, చెయ్యి కడిగేసుకుని ఆటకి పరుగు! వీరుడంటే ఇంతే కాబోలనుకుంటూ పెరిగారు ముగ్గురూ.

వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక నిజంగానే కరాళజంఘుడనే మాంత్రికుడు ఊరి మీద పడ్డాడు. దొరికినవాళ్ళని దొరికినట్టు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల రాళ్ళు చేసి నిలబెట్టేవాడు. వాడి పని పట్టొస్తానని పెద్దవాడు రణధీరుడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. రెండోవాడు బలవర్ధనుడు వెళ్ళాడు. వాడూ రాలేదు. రాజు మంచం పట్టాడు.

"నేను వెళ్ళొస్తాను నాన్నగారూ" అన్నాడు గుణాకరుడు.

"ఉన్న ఒక్కడివీ పోతే నాకెవర్రా?"

"అన్నయ్యలు లేకపోతే నాకెవరు నాన్నగారూ?"

రాజు మంచం మీంచే దీవించి పంపాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. గుణాకరుడు దాన్ని తిరగేసి నీళ్ళల్లోకి నడిపించాడు. "ఎక్కు నాయనా" అని అది వాణ్ణి వీపు మీద ఎక్కించుకుంది. దారిలో చెప్పింది: "మీ అన్నల్నీ నేనే దించాను. ఇద్దరూ ఒకటే పని చేశారు. పంజరం కనబడటమే ఆలస్యం, మాటా పలుకూ లేకుండా చెయ్యి పెట్టేశారు. చిలక హడలిపోయి అరిచింది. మాంత్రికుడొచ్చి ఇద్దర్నీ రాళ్ళు చేశాడు. నువ్వు మాత్రం తొందరపడకు."

దీవి నిండా మనుషుల రూపంలో రాళ్ళు. వాటి మధ్య పెద్దన్నయ్య, చిన్నన్నయ్య. ఇద్దరి చేతులూ ముందుకి చాచినవి చాచినట్టే ఉన్నాయి. గుణాకరుడు ఆ చేతులు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పక్కనే జామచెట్టు, కొమ్మకి పంజరం, పంజరంలో చిలక.

"నువ్వూ నా మెడ కోసమేనా?" అంది చిలక.

అన్ని కథలు విన్నాడే, చిలక ఇలా అడుగుతుందని ఒక్క కథలోనూ లేదు. తల వంచుకుని "అవును" అన్నాడు.

"పోనీలే, నువ్వు నిజం చెప్పావు. మాంత్రికుడు ఊళ్ళ మీదకి పోయాడు, కూర్చో. నాతో మాట్లాడే దిక్కే లేదు. ఒక కథ చెప్పు."

గుణాకరుడు జామపండు ముక్కలు చేసి, ఒక మాటా ఒక ముక్కా చొప్పున పెట్టాడు. ముక్క ముక్కకీ చిలక ఊఁ కొట్టింది. అలా మొదటి రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. మూడో రోజుకి వాడి దగ్గరున్న కథలన్నీ అయిపోయి ఒక్కటే మిగిలింది. ఏ కథో మీకు తెలుసుగా. "మాంత్రికుడి ప్రాణం పంజరంలో చిలకలో ఉంది" దాకా వచ్చి ఆపేశాడు.

"ఊఁ" అంది చిలక. "చెప్పు మరి."

"నా వల్ల కాదు. వేరే దారి లేదా?"

"ఉంటే చెప్పనా? వాడు బతికుండగా ఈ రాళ్ళు కదలవు. నేను బతికుండగా వాడు చావడు. కళ్ళైనా తెరవకముందే నన్ను గూట్లోంచి తెచ్చి ఇందులో పెట్టాడు. ఈ రెక్కలు ఎందుకున్నాయో కూడా నాకు తెలీదు. ఒక్కసారి ఎగరనియ్యి. తిరిగొస్తాను."

అది రాకపోతే అన్నలు అలా రాళ్ళలాగే ఉండిపోతారు. అయినా గుణాకరుడు తలుపు తీశాడు. చిలక ముందు తడబడింది, తర్వాత ఎగిరింది. అబ్బ, ఎంత సంతోషంగా ఎగిరిందనుకున్నారు! తోట చుట్టూ మూడుసార్లు తిరిగింది. అక్కడ మాంత్రికుడికి గుండె దడదడలాడి, దండం పుచ్చుకుని ఆకాశాన దూసుకొచ్చాడు. చిలక వాణ్ణి చూసింది. కావాలంటే ఇంకా పైకి పోవచ్చు. పోలేదు. వచ్చి గుణాకరుడి అరచేతిలో వాలింది.

"కథ మధ్యలో ఆపకూడదు" అంది.

"చిలక మెడ..." అన్నాడు వాడు ఏడుస్తూ.

"ఊఁ" అంది చిలక.

ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. నా చేత చెప్పించకండి.

మాంత్రికుడు సముద్రంలో కూలిపోయాడు. రాళ్ళన్నీ మనుషులయ్యాయి. అన్నలిద్దరూ తమ్ముణ్ణి భుజాల మీదకెత్తుకుని గంతులేశారు. "మగాడివై ఉండి పిట్ట కోసం ఏడుస్తావట్రా!" అని నవ్వారు. ఆ గుంపులో హేమలేఖ అని ఒక రాకుమార్తె ఉంది. ఆమె మాత్రం నవ్వలేదు. "చేతిలో ఏముంది?" అని దగ్గరికొచ్చి చూసింది. ఇంకేం అడక్కుండా జామచెట్టు కింద వాడితో పాటు మట్టి తవ్వింది. వాళ్ళిద్దరికీ పెళ్ళి కాకుండా ఎలా ఉంటుంది చెప్పండి! ముసలి తాబేలు విడతలు విడతలుగా అందర్నీ ఊరు చేర్చింది. పెళ్ళి వైభోగంగా జరిగింది. అన్నలు రాజ్యం మాకొద్దన్నారని గుణాకరుడే రాజై చాలా ఏళ్ళు చల్లగా ఏలాడు.

వాళ్ళకీ కొడుకులు పుట్టారు. నాంచారమ్మ ముసలిదైపోతే రాజే ముద్దలు కలిపి పెట్టేవాడు. ఒకరోజు పిల్లలు ఆ కథే చెప్పమన్నారు. ఏడు సముద్రాలు దాటించాడు, పంజరం దాకా తెచ్చాడు. "చిలక మెడ నులిమాడు" అని ఊరుకున్నాడు. పెద్దవాడు గబగబా ఊఁ కొట్టి నోరు తెరిచాడు. చిన్నవాడు మాత్రం ఊఁ కొట్టలేదు.

"చిలక్కి నొప్పి పుట్టిందా నాన్నా?"

ఆ ఇంట్లో ఎన్ని తరాల పిల్లలు ఆ ముద్ద తిన్నారో! అడిగినవాడు వీడొక్కడే.

"పుట్టింది నాన్నా. చాలా నొప్పి పుట్టింది" అన్నాడు రాజు. కొడుకుల ముందే, కంచం ముందే, చేతిలో ముద్ద అలాగే ఉంచుకుని భోరుమన్నాడు. చిన్నవాడు లేచొచ్చి ఎంగిలి చేత్తోనే నాన్న కళ్ళు తుడిచాడు.

అప్పట్నుంచీ గోమేధికపురంలో ఎవరు ఈ కథ చెప్పినా ఆ మాట దగ్గర పిల్లలు ఊఁ కొట్టరు. మీరూ కొట్టకండర్రా. కాసేపు ఊరుకుని, అప్పుడు ముద్ద తినండి.