కామేశం గూళ్ళలో ఎర్రరంగు

చీకటిమామిడి కోన అనే అడవి ఒకటి ఉండేది. పేరుకే చీకటి గాని, మధ్యాహ్నమైతే ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలి నేలంతా ముగ్గు పెట్టినట్టు ఉండేది. ఆ కోనలో ఎలుగుబంట్లు, దుప్పులు, అడవిపందులు, ముంగిసలు, లెక్కలేనన్ని పిట్టలు కాపురముండేవి. అప్పుడప్పుడూ ఒక పులి కూడా వచ్చి పలకరించి పోయేది. ఆ పలకరింపు ఎవరికీ ఇష్టముండేది కాదనుకోండి, అది వేరే సంగతి. వీళ్ళందరి నెత్తి మీద, టేకుచెట్ల కొమ్మల్లో, కామేశం అనే బెట్టుడుత ఉండేవాడు.

బెట్టుడుత అంటే మన పెరటి గోడ మీద పరుగులు పెట్టే చారల ఉడుత అనుకునేరు. కాదు. ఇది పిల్లి అంత ఉంటుంది. ఒళ్ళు ఇటుకరంగు, పొట్ట మీగడరంగు, తోక చూస్తే కుచ్చుల విసనకర్ర. ఈ జాతికి ఇంకో విశేషం ఉంది. వీటికి ఒక గూడు చాలదు. ఈ కొమ్మ మీద ఒకటి, ఆ చెట్టు మీద ఒకటి, అలా నాలుగైదు కట్టుకుంటాయి. ఎక్కడ కునుకు వస్తే ఆ పూటకి అదే ఇల్లు.

కామేశానికి బొమ్మలు వెయ్యడమంటే ప్రాణం. పొట్ట కోసం కాదు, ఉత్త సరదా. తుమ్మజిగురులో రంగు కలిపి, తోక కొస ముంచి, ఎండిన టేకాకు మీద అద్దేవాడు. చిలకను వేస్తే అచ్చం చిలకలాగే ఉండేది. ఏనుగును వేస్తే మాత్రం కొంచెం గుమ్మడికాయలా వచ్చేది.

ఆ ఏడు వేసవిలో కోన చివర ఒక మోదుగచెట్టు ఒళ్ళంతా పూసి, అడవి అంటుకుందేమో అన్నట్టు నిలబడింది. కామేశం దాన్ని చూసి తిండి మానేశాడు. ఎలాగైనా ఆ చెట్టును ఆకు మీదకి దించాలనుకున్నాడు. ఒక పెద్ద టేకాకు ఏరి పెట్టుకున్నాడు. తొలకరి పడేలోగా నా మోదుగచెట్టును చూపిస్తాను, దాని ముందు ఆ చెట్టే వెలవెలబోతుంది చూడండి అని దారినపోయే తాబేలుకి కూడా చెప్పాడు.

మోదుగపూలకి ఎరుపు కావాలి కదా.

కోనలో వారం వారం సంత జరిగేది. అక్కడ గవరయ్య అనే ముంగిస రంగులు అమ్మేవాడు. జాఫ్రా గింజలు నూరిన ఎరుపు, పసుపుకొమ్ములు దంచిన పసుపు, బొగ్గుపొడి నలుపు, అన్నీ అడ్డాకుల్లో పొట్లాలు కట్టి వరసగా పేర్చేవాడు. పొట్లానికి బదులు గింజలు పుచ్చుకునేవాడు. కామేశం దగ్గర గింజలకి లోటు లేదు. వానాకాలం కోసమని ఒక చెట్టుతొర్ర నిండా పనసగింజలు, చారపప్పు దాచుకున్నాడు. వానలు మొదలయ్యాయంటే కోనలో చాలా రోజులు తిండి దొరకదు. సంతా ఉండదు. ఆ తొర్రలో ఉన్నదే బతుకు.

కామేశం తొర్రలోంచి గింజలు తీసుకెళ్ళి ఒక ఎర్ర పొట్లం కొన్నాడు. తిరిగి వస్తుంటే పైన ఒక డేగ చక్కర్లు కొడుతోంది. గబుక్కున దగ్గర్లో ఉన్న గూట్లో దూరాడు. పొట్లాన్ని ఎవరూ తియ్యకుండా ఆకుల అడుక్కి తోసి, పైన పీచు కప్పాడు. ఎంత భద్రంగా దాచాడంటే, కాసేపటికి తనకే కనబడలేదు. అంత బాగా దాచినందుకు తనని తానే మెచ్చుకుని నిద్రపోయాడు.

మర్నాడు ఇంకో గూట్లో ఉండగా బొమ్మ వేద్దామని మనసు పుట్టింది. చుట్టూ తడిమాడు. ఎరుపు లేదు.

"అయిపోయినట్టుంది" అనుకున్నాడు.

సంత రోజు రాగానే మళ్ళీ తొర్రలో చెయ్యి పెట్టి గింజలు తీశాడు. మళ్ళీ ఎరుపు కొన్నాడు. ఈసారి డేగ లేదు గాని పనసపండు వాసన తగిలింది. ఆ పక్కనున్న గూట్లో పొట్లం దాచేసి పండు మీద పడ్డాడు. ఆ తరవాత వారం ఇంకో గూడు.

ఒకరోజు పాత గూట్లో పడుకుని ఉంటే వీపు కింద ఏదో ఒత్తుకుంది. తీసి చూస్తే ఎర్ర పొట్లం. కామేశానికి బుర్ర తిరిగింది. ఎరుపు అయిపోయింది కదా, మరి ఇదెక్కడిది? ఎవరో దొంగ వచ్చి పెట్టిపోయాడా? దొంగలు పట్టుకుపోతారు గాని పెట్టిపోతారా? చాలాసేపు తోక గోక్కున్నాడు. చివరికి, ఇది నేను నిన్న కొన్నదే అయ్యుంటుంది, అంటే అవతలి గూట్లోది అయిపోయి ఉంటుంది అని తేల్చుకున్నాడు.

సరే, అన్నీ ఒకచోట పెడదాం అనుకుని ఆ పొట్లం నోట కరుచుకుని బయల్దేరాడు. దారిలో ఉసిరిచెట్టు కనబడింది. ఉసిరికాయ కొరకాలంటే నోరు ఖాళీ ఉండాలి. పొట్లాన్ని పక్క గూట్లో పెట్టాడు, ఉసిరికాయలు తిన్నాడు, తిన్నగా ఇంటికి పోయాడు. తీరా చూస్తే ఈ గూట్లో ఎరుపు లేదు. వెనక్కి పోయి పాత గూట్లో చూశాడు. అక్కడా లేదు. ఇందాక నోట్లో ఉన్నది కలేమో అనిపించింది.

కామేశం చెట్టు మొదట్లో, ఒక వెడల్పాకు మొక్క మీద, నూకాలు అనే దర్జీపిట్ట ఉండేది. రెండాకులు చేర్చి దారంతో కుట్టుకుంటే అదే దాని ఇల్లు. కుట్టుపనంటే నూకాలుకి కామేశం బొమ్మలంత సరదా. కాకపోతే సంతకి వెళ్ళే ముందు గూట్లో తల పెట్టి ఎంత దూది ఉందో, ఎంత నార ఉందో చూసుకుని, లేనిదొక్కటే తెచ్చుకునేది.

వారం వారం పైనుంచి గింజలు మూట కట్టుకుని దిగే కామేశాన్ని అది గమనిస్తూనే ఉంది. ఒకరోజు ఆపి అడిగింది.

"అన్నయ్యా, మళ్ళీ ఎరుపేనా? ఆ రంగు పూస్తున్నావా, తాగుతున్నావా?"

"బొమ్మలు వేసేవాడికి రంగులు అయిపోతూ ఉంటాయి నూకాలూ. నీకు తెలీదులే."

"నువ్వు వెయ్యగా నేను చూసింది నాలుగు పూలు. అవతల తొర్ర ఖాళీ అయిపోతోంది. వెళ్ళే ముందు ఓసారి గూళ్ళన్నీ తిరిగి చూసుకోరాదూ?"

కామేశానికి రోషం వచ్చింది. తోక నిలబెట్టాడు.

"నా ఇంట్లో ఏముందో నాకు తెలీదా? నీకంటే ఒకటే గూడు, తల తిప్పితే గోడ. నాలాంటి వాడి సంగతి వేరు" అన్నాడు.

నూకాలు దారం కొరుక్కుంది.

మబ్బులు కమ్ముకునే రోజులు వచ్చాయి. ఆఖరి సంత జరిగింది. గవరయ్య అప్పటికే సగం సామాను సర్దేశాడు. కామేశం తొర్ర ఊడ్చి తెచ్చిన మూటను చూసి, అమ్ముకునేవాడైనా మొహమాటపడ్డాడు. పోయిన వారం కూడా ఎరుపే తీసుకెళ్ళావు, ముందు వారమూ అంతే, ఇంట్లో ఉందేమో చూశావా అని అడిగాడు. నా ఇంట్లో ఏముందో నాకు తెలీదా అని కామేశం మళ్ళీ అదే మాట అన్నాడు.

"సరే నీ ఇష్టం కామేశం బాబూ. చెట్టు వేస్తున్నావు కదా, మానుకీ కొమ్మలకీ నలుపు వద్దా? మళ్ళీ వానలు వెళ్ళేదాకా సంత లేదు."

"నలుపు నా దగ్గర బోలెడుంది" అన్నాడు కామేశం.

ఇంటికొచ్చి బొమ్మ ముందు కూర్చున్నాడు. కొత్త ఎరుపు విప్పి, జిగురులో కలిపి, పూలు వేశాడు. ఏమాటకామాట చెప్పుకోవాలి, పూలు అద్భుతంగా వచ్చాయి. ఆకు నిండా నిప్పులు చల్లినట్టు ఉంది. ఇక మాను వెయ్యాలి. నలుపు కోసం తడిమాడు.

లేదు.

పక్క గూట్లో ఉండి ఉంటుందని దూకాడు. ఆకులన్నీ పీకితే ఒక పొట్లం దొరికింది. విప్పితే ఎరుపు. మూడో గూటికి పరిగెత్తాడు. అక్కడ రెండు పొట్లాలు. విప్పాడు, ఎరుపు. ఇంకోటి విప్పాడు, ఎరుపు. ఉసిరిచెట్టు పక్క గూట్లో చూస్తే అక్కడా ఎరుపే. కామేశానికి తల దిమ్మెక్కింది. లేదనుకున్న ఎరుపు ఎక్కడ పడితే అక్కడుంది. బోలెడుందనుకున్న నలుపు చిటికెడు లేదు. ఇవి నా గూళ్ళేనా, పొరపాటున వేరేవాళ్ళ ఇంట్లో జొరబడ్డానా అని గుమ్మంలోంచి తల బయటపెట్టి చెట్టు చూసుకున్నాడు. చెట్టు తనదే.

వాడు అలా విప్పిన పొట్లాల మధ్య నోరు తెరిచి నిలబడి ఉండగా, వాన పడింది.

చినుకులు కాదు. కుండపోత. గూళ్ళు నానాయి, పొట్లాలు నానాయి. నాలుగు టేకుచెట్ల మీంచి ఎర్రటి ధారలు బెరడు వెంట కిందికి కారాయి. మొదట ఒక దుప్పి చూసింది. చూసి కెవ్వుమని అరిచింది. చెట్ల మీద ఎవరో ఎవరినో చంపేశారని అడవంతా గోల. అడవిపందులు ఒకదాన్నొకటి తోసుకుని పరిగెత్తాయి. పులి అప్పుడే అటుగా వస్తోంది. ఆ ధారలు చూసి, ఇక్కడ నన్ను మించినవాడెవడో దిగాడు అనుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఎలుగుబంటి ఒక్కడే ఆగాడు. కోనలో చిన్నా పెద్దా వాణ్ణి మావయ్య అనే పిలిచేవారు. పైనుంచి కామేశం తల నుంచి తోక దాకా ఎర్రగా ముద్దయి జారుకుంటూ దిగితే, మావయ్య గుండె జారిపోయింది. ఏమయిందని అడగనైనా అడగకుండా గాయపాకు నమిలి వాడి నెత్తి మీద, వీపు మీద దట్టంగా పట్టించాడు.

"మావయ్యా, ఇది నెత్తురు కాదు. రంగు" అన్నాడు కామేశం, పసరు కళ్ళలోకి కారుతుంటే.

పారిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. వానలో తడుస్తూ వాడి చుట్టూ చేరారు. మావయ్య చెట్లకేసి చూశాడు, ధారలకేసి చూశాడు.

"ఇంత ఎరుపు ఎందుకు కొన్నావురా నాయనా?"

"లేదనుకున్నాను మావయ్యా" అన్నాడు కామేశం.

ముందు తాబేలు నవ్వింది. ఆ పైన ఇక ఎవరూ ఆగలేదు.

నవ్వులు అయ్యాక ఆకలి మొదలైంది. కామేశం తొర్రలో చూస్తే పనసగింజల తొక్కలున్నాయి. గవరయ్యను వెతుక్కుంటూ పోయి గింజలు వెనక్కి ఇమ్మని బతిమాలాడు. అవి మా ఇంటిల్లిపాదీ తినేశాం, నీ రంగేమో ఏట్లో కలిసిపోయింది, దేనికి దేన్ని ఇచ్చేది అన్నాడు గవరయ్య. ఆ మాటా నిజమే. కామేశం టేకు బెరడు కొరికి రోజులు వెళ్ళదీశాడు. కుచ్చుల తోక చీపురుపుల్లలా అయింది.

నూకాలు ఇల్లు మాత్రం చుక్క కారలేదు. లోపల పిల్లలు వెచ్చగా దూదిలో పడుకున్నాయి. మిగిలిన నార ఎంతుందో దానికి తెలుసు కాబట్టి, ఆకులు కుట్టి గిడుగులు చేసింది. గిడుగంటే వానకి తల మీద పెట్టుకునే ఆకు గొడుగు. తలదాచుకోను చోటులేని వాళ్ళంతా వచ్చి, తిండి ఏదో ఒకటి ఇచ్చి గిడుగులు పట్టుకుపోయేవారు. ఒకరోజు నూకాలు పైకి చూసి పిలిచింది.

"అన్నయ్యా, నాకు పెద్దాకులు అందవు. కోసిపెట్టు. నాకు వచ్చే పనసగింజలు నేనెలాగూ తినను, నువ్వు తీసుకో."

కామేశం కళ్ళు తుడుచుకుని పనిలోకి దిగాడు. గాలివానకి ఆకులన్నీ చిరిగిపోయిన రోజున, మావయ్య తలకి సరిపడా ఆకు ఎక్కడా దొరకలేదు. కామేశం, జిగురు పట్టి రంగు వదలకుండా ఉన్న తన బొమ్మ తెచ్చి ఇచ్చాడు. మానూ కొమ్మా లేకుండా గాల్లో తేలే మోదుగపూల కింద, మావయ్య ఆ వానాకాలం గడిపాడు.

వానలు వెలిసి మొదటి సంత జరిగిన రోజు, కామేశం పొద్దున్నే గూళ్ళన్నీ తిరిగాడు. ఆకు ఆకూ ఎత్తి చూశాడు. సంతలో గవరయ్య అలవాటు కొద్దీ ఎర్ర పొట్లం ముందుకు జరిపాడు. కామేశం చెయ్యి చాపబోయి, ఆగి, ఇప్పుడే వస్తానని ఇంటికి పరిగెత్తి ఇంకోసారి చూసుకుని వచ్చాడు. సంతంతా నవ్వినా పట్టించుకోలేదు. నలుపు ఒక్క పొట్లం కొన్నాడు.

తిన్నగా మావయ్య దగ్గరికి పోయి, కాసేపు కదలకుండా కూర్చోమని అడిగాడు. మావయ్య తల వంచుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఆ గిడుగు మీద, మసకబారినా ఇంకా వెలుగుతున్న పూలున్న ఆ ఆకు మీద, కామేశం పూల కింద కొమ్మలు, కొమ్మల కింద మాను వేశాడు.

నీతి: లేదనుకుని తెచ్చుకునే ముందు, ఉన్నదేమిటో ఒకసారి వెతికి చూసుకోవాలి.