ట్రిగ్గర్ బరువు

జోగులాంబకు మూడో ట్రిగ్గరే కావాలి.

ఆయుధాలు దాచే ఆర్మరీలో, బల్ల మీద పాత దుప్పటి ముక్క పరిచి, సిలార్ సాహెబ్ మూడింటినీ వరసగా పెట్టాడు. మూడూ బయటి కంపెనీలు తయారుచేసినవే. రైఫిల్‌తో పాటు వచ్చిన అసలు ట్రిగ్గర్ తీసేసి దాని చోట వీటిలో ఒకటి బిగించుకోవచ్చు. మొదటిది అసలు దానికంటే కాస్త తేలిక. రెండోది ఇంకొంచెం. మూడోది మరీ తేలిక. వేలు ఆనితే చాలు, టిక్కుమంటుంది.

"ఇదే ఉస్తాద్," అంది జోగులాంబ. "పది గంటలకు కమాండెంట్ గారొస్తారు. ఇదే అని చెప్పేస్తా."

సిలార్ సాహెబ్ తలెత్తలేదు. ఆ బెటాలియన్‌లో ఆయుధాలు బాగుచేసే పోలీసు ఏఎస్సై ఆయన. ముప్పై ఏళ్ల సర్వీసు. గురి నేర్పేదీ ఆయనే కాబట్టి చిన్నా పెద్దా అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. నాలుగేళ్ల కిందట జోగులాంబ రైఫిల్ పట్టుకోవడం నేర్చుకుంది ఆయన దగ్గరే. ఇప్పుడు దూరం నుంచి గురిచూసి కాల్చే పన్నెండు మంది జట్టులో ఆమె ఒక్కతే ఆడమనిషి.

ఆమె ఏది బాగుందంటే అది పన్నెండు రైఫిళ్లకూ పెడతామని కమాండెంట్ అన్నాడు.

ఇదంతా నెల కిందట మొదలైంది. పట్నంలో బస్టాండు ఎదురుగా ఉన్న మందుల షాపులోకి ఒకడు వేటకొడవలితో జొరబడ్డాడు. తన భార్య ఆ షాపు మందు వల్లే చచ్చిపోయిందని అతని నమ్మకం. షాపు యజమాని దొరకలేదు. కౌంటరులో ఉన్న ఎస్తేరు అనే అమ్మాయిని పట్టుకుని మెడ మీద కొడవలి పెట్టాడు. ఎదురు మేడ మీద జోగులాంబ పడుకుని రైఫిల్ మీది స్కోపులోంచి చూస్తోంది. అతని తల స్పష్టంగా కనిపిస్తోంది. "అవకాశముంటే కాల్చు" అని చెవిలో ఆర్డరు వినిపించింది.

ఆరు సెకన్లు అలాగే గడిచిపోయాయి. ఆ తర్వాత అతను వంగాడు. కొడవలి ఎస్తేరు కుడి భుజంలో దిగింది. అప్పటికి తలుపు బద్దలుకొట్టి మిగతావాళ్లు లోపలికి దూకారు. ఎస్తేరు బతికింది. చెయ్యి మాత్రం పైకి లేవడం లేదు.

ఎందుకు కాల్చలేదని విచారణలో అడిగారు.

"ట్రిగ్గర్ బరువుగా ఉంది సార్," అని చెప్పింది జోగులాంబ.

ఆ రైఫిల్‌ను చూసుకునేది సిలార్ సాహెబే. అంటే ఆ మాట ఆయన మీదికే పోయింది. ఆయన రైఫిల్‌ను వెనక్కి తెప్పించుకుని విప్పి చూశాడు, తుడిచాడు, మళ్లీ బిగించాడు. తేలికవి ఏమైనా దొరుకుతాయా అని కమాండెంట్ అడిగితే, "దొరుకుతాయి సార్, తెప్పించి చూద్దాం," అన్నాడు. జోగులాంబతో మాత్రం ఒక్క ముక్కా అనలేదు. ఆమె కూడా అప్పట్నుంచీ ఆయన మొహంలోకి నేరుగా చూడలేదు.

"నిన్న దీంతో అయిదు రౌండ్లు కాల్చినా," అంది ఇప్పుడు. "అయిదూ ఒకే చోట పడ్డాయి. గురి అట్ట చూపిస్తా, చూస్తారా?"

"రేంజికి పోదాం పా," అన్నాడు ఆయన.

బెటాలియన్ వెనక నాపరాళ్ల గుట్ట. దాని కింద మట్టికట్ట, కట్టకు ముందు గురిబొమ్మలు. పొద్దున ఏడున్నర అయింది. రేంజిలో వాళ్లిద్దరే ఉన్నారు. ఎవరూ ఇటు రాకుండా సిలార్ సాహెబ్ ఎర్రజెండా ఎగరేశాడు. పోయి ఒక బొమ్మ నిలబెట్టి వచ్చాడు. నల్లటి మనిషి బొమ్మ, దాని ముందు భుజం దాకా తెల్లటి మనిషి బొమ్మ. నల్లబొమ్మకు తల మాత్రమే బయటికి కనిపిస్తుంది.

ఆ బొమ్మను చూడగానే జోగులాంబకు మందుల షాపు గుర్తొచ్చింది.

"గుట్ట దాకా పరిగెత్తు. రెండుసార్లు," అన్నాడు.

"కాల్చడానికి కదా వచ్చింది?"

"పరిగెత్తు మా."

ఆమె పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి రొమ్ము ఎగిసిపడుతోంది. చెమట కళ్లలోకి కారుతోంది. ఆయన ఊపిరి తీసుకోనివ్వలేదు.

"పడుకో. నల్లబొమ్మ తల. ఒక్కటే రౌండు. కానీ, కానీ!"

రైఫిల్‌లో మూడో ట్రిగ్గర్ ఉంది. జోగులాంబ గురిపెట్టింది. స్కోపులో తల పైకీ కిందికీ ఊగుతోంది. ఊపిరి బిగబట్టబోయింది. వేలు ఇంకా సరిగ్గా ఆనలేదు, రైఫిల్ పేలింది. భుజం అదిరింది. గుట్ట మోత తిరిగి వచ్చింది.

"ఎన్ని కాల్చావు?" అన్నాడు సిలార్ సాహెబ్.

"ఒకటి."

ఆయన వంగి, ఇసుకలో పడ్డ ఖాళీ తూటాలు ఏరి ఆమె ముందు పెట్టాడు. రెండు.

ఆమె నమ్మలేకపోయింది. ఆ రైఫిల్‌ను మళ్లీ మళ్లీ లాగి సిద్ధం చెయ్యనక్కర్లేదు. ఒక రౌండు పేలగానే ఇంకోటి తనంతట తానే ఎక్కుతుంది. భుజం అదురుకు వేలు మళ్లీ ఆనింది. ఆ ట్రిగ్గర్‌కు అంతే చాలింది.

ఇద్దరూ నడిచి బొమ్మ దగ్గరికి పోయారు. మొదటి తూటా నల్లబొమ్మ చెవి అంచును గీరుకుని పోయింది. రెండోది తెల్లబొమ్మ మొహంలో ఉంది.

జోగులాంబ ఆ రంధ్రం వైపు చూస్తూ నిలబడింది. "అలవాటు లేదు ఉస్తాద్. నాలుగు రోజులు ప్రాక్టీసు చేస్తే సరిపోతుంది," అంది.

"ఊఁ," అన్నాడు ఆయన.

వెనక్కి వచ్చాక ఆయన మూడో ట్రిగ్గర్ విప్పి, పాతది బిగించాడు. పావుగంట పట్టింది. ఆమె పక్కనే కూర్చుంది. ఆయన చేతులు తొందరపడలేదు. ఎండ ఎక్కుతోంది. తొమ్మిది కావస్తోందని ఆమె రెండుసార్లు గడియారం చూసుకుంది.

"మళ్లీ పరిగెత్తు."

మళ్లీ పరిగెత్తింది. మళ్లీ పడుకుంది. ఈసారి ట్రిగ్గర్ కాస్త వదులుగా కదిలి, ఒకచోట గట్టిగా ఆగింది. అక్కణ్నుంచి నొక్కడం మొదలుపెట్టింది.

"ఆగు!" అని అరిచాడు సిలార్ సాహెబ్.

వేలు ఆగింది. రైఫిల్ పేలలేదు.

"ఇప్పుడు కాల్చు."

కాల్చింది. ఒక్క మోతే. ఇసుకలో ఒక్క ఖాళీ తూటాయే పడింది. నల్లబొమ్మ నుదుట చిన్న వెలుతురు చుక్క కనిపించింది.

ఆయన రైఫిల్ అందుకుని తూటాల మ్యాగజైన్ తీసేశాడు. లోపల ఏమీ లేదని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, ఆమెకూ చూపించాడు. ఖాళీ రైఫిల్‌ను మళ్లీ ఆమె చేతిలో పెట్టి పక్కనే ఇసుకలో గొంతుక్కూర్చున్నాడు.

"ఆ రోజు ఎందాకా నొక్కావు?"

"అంటే?"

"ఈ వదులు దాటావా? గట్టిగా ఉన్నచోటికి వచ్చావా? అక్కణ్నుంచి నొక్కినా రాలేదా? ఎక్కడ బరువైందో చూపిస్తే దాన్ని బట్టి పెడతా. చూపించు."

జోగులాంబ పడుకుంది. చెంప రైఫిల్‌కు ఆనించింది. స్కోపులోంచి బొమ్మ వైపు చూసింది. ఆమె చూపుడువేలు ట్రిగ్గర్‌కు పైన, రైఫిల్ పక్కన చాచి ఉంది. కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు అక్కడే ఉండాలి. నాలుగేళ్ల కిందట మొదటిరోజు ఆయన నేర్పింది అదే.

వేలు అక్కడే ఉండిపోయింది.

ఆయన ఎదురుచూశాడు. గుట్ట మీద ఎక్కడో పిట్ట ఒకటి అరిచి ఊరుకుంది.

"ఇక్కడే ఉస్తాద్," అంది చివరికి.

"ఎక్కడ?"

"ఇక్కడే. వేలు లోపలికే పోలేదు." చెంప ఇంకా రైఫిల్ మీదే ఉంది. "వాడు ఏడుస్తున్నాడు. పెదాలు కదుల్తున్నాయి. ఏదో పేరు పిలుస్తున్నాడు. నేను అంతకుముందు అట్టలనే కదా కాల్చింది. ఆర్డరు వినపడింది. అన్నీ వినపడ్డాయి. వేలు రాలే."

సిలార్ సాహెబ్ లేచి, ఎర్రజెండా దించడానికి నడిచాడు.

పదింటికి కమాండెంట్ రఘువీర్ వచ్చాడు. బల్ల మీద ఉన్న మూడు ట్రిగ్గర్లనూ చూసి, "ఏమ్మా, ఏది ఖాయం చేశావు?" అని అడిగాడు.

జోగులాంబ సిలార్ సాహెబ్ వైపు చూసింది. ఆయన నూనెగుడ్డతో రైఫిల్ తుడుచుకుంటున్నాడు. ఆమె తరఫున ఆయన మాట్లాడేట్టు లేడు. మూడోది అనొచ్చు. రెండోది అనొచ్చు. ఏది చెప్పినా ఆయన బిగించేస్తాడు, ఎవరికీ తెలియదు.

"ఏదీ వద్దు సార్," అంది. "నేను అబద్ధం చెప్పాను. ట్రిగ్గర్ బరువుగా లేదు. నేను దాని మీద వేలే పెట్టలేదు."

కమాండెంట్ మొహం మారిపోయింది. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు. దాంతో ఆమెకు ఇంకా భయమేసింది.

"ఉన్నదున్నట్టు రాసి సాయంత్రంలోగా నా బల్ల మీద పెట్టు. జట్టు లిస్టులోంచి నీ పేరు తీసేస్తున్నా." తర్వాత సిలార్ సాహెబ్ వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసా?"

"రైఫిల్ విప్పిన రోజే తెలుసు సార్. ట్రిగ్గర్ నేను పెట్టినట్టే ఉంది."

"మరి చెప్పలేదే? మాట పడ్డావు కదా?"

సిలార్ సాహెబ్ నూనెగుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "ఈ మూడూ వెనక్కి పంపించేద్దాం సార్. ఉన్నవి బాగానే ఉన్నాయి," అన్నాడు.

కమాండెంట్ వెళ్లిపోయాక జోగులాంబ కుర్చీలో కూలబడింది.

"ఇంక నేనేం చెయ్యల్ల ఉస్తాద్?"

ఆయన ఆర్మరీకి తాళం వేసి, బయట స్కూటర్ స్టార్ట్ చేశాడు. "ఎక్కు."

బస్‌డిపో వెనక సందులో ఒక రేకుల ఇంటి ముందు ఆపాడు. ఎవరి ఇల్లో ఆయన చెప్పలేదు. తలుపు తీసి ఉంది. లోపల ఒక అమ్మాయి గోడకు ఎదురుగా నిలబడి, కుడిచేతి వేళ్లను గోడ మీద పురుగులా పైకి పాకిస్తోంది. గోడ మీద పెన్సిలు గీతలున్నాయి. ఏ రోజు చెయ్యి ఎంతదాకా లేచిందో ఆ గీతలు. పై గీత ఇంకా ఆమె రొమ్ము ఎత్తు దాటలేదు.

జోగులాంబ స్కూటర్ దిగి గడప దగ్గర ఆగిపోయింది. సిలార్ సాహెబ్ దిగలేదు.

అమ్మాయి వెనక్కి తిరిగి యూనిఫామ్ చూసింది. తర్వాత మొహం చూసింది. "మేడ మీద ఉన్నది మీరే కదక్కా?" అంది ఎస్తేరు. "నేను మిమ్మల్ని చూసినా. రాండి, కూర్చోండి."

జోగులాంబ కూర్చోలేదు.

"మిమ్మల్ని ఒకటి అడగల్లనుకున్నా," అంది ఎస్తేరు. "ఆ రోజు నేను కదిలినా అక్కా. తుపాకీ చూసి భయమేసి తల ఇట్లా తిప్పినా. నేను అడ్డమొచ్చినాననే కదా మీరు ఆగిపోయినారు? కదలకుండా నిలబడుంటే నీ చెయ్యి బాగుండేది కదా అని మా అమ్మ రోజూ అంటాది."

తలూపితే సరిపోయేది. ఆ అమ్మాయి కూడా దానికోసమే ఎదురుచూస్తోంది. జోగులాంబకు గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, రెండోసారి గుట్ట దాకా పరిగెత్తి వచ్చినప్పటిలాగే.

"నువ్వు అడ్డం రాలేదు," అంది. "నాకు వాడి తల బాగా కనిపించింది. కాల్చగలిగేదాన్ని. నేనే కాల్చలేదు."

"ఎందుకు?"

"చేతకాలేదు."

ఎస్తేరు ఎడమచేత్తో కుడిభుజాన్ని పట్టుకుంది. మొహంలో కోపం వచ్చింది. ఆమె దాన్ని దాచుకోలేదు. వంటింట్లోంచి పోపు వాసన, గరిట చప్పుడు వస్తున్నాయి.

"ఇన్ని దినాలు నా తప్పే అనుకుంటిని," అంది. గోడ వైపు తిరిగి మళ్లీ వేళ్లు ఆనించింది. "మా అమ్మ లోపలుంది. ఆ మాట ఆమెతో కూడా చెప్పిపోండి."

జోగులాంబ బూట్లు విడిచి వంటింట్లోకి నడిచింది.

కొంతసేపటికి గరిట చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఒక ఆడమనిషి గొంతు పైకి లేచింది. చాలాసేపటిదాకా అది దిగలేదు. సందులో పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు నిలబడి ఇంటివైపు చూశారు. సిలార్ సాహెబ్ స్కూటర్ మీద అలాగే కూర్చున్నాడు.

జోగులాంబ బయటికి వచ్చేటప్పటికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఏం జరిగిందని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

బెటాలియన్ గేటు దగ్గర ఆమె దిగింది. రాసివ్వాల్సిన కాగితం గురించి ఆలోచిస్తూ లోపలికి నడవబోయింది.

"రేపు ఆరింటికి రేంజికి రా," అన్నాడు వెనక నుంచి.

ఆమె తిరిగి చూసింది. "లిస్టులోంచి తీసేసినారు కదా ఉస్తాద్."

"లిస్టు కమాండెంట్ గారిది," అన్నాడు సిలార్ సాహెబ్. "రేంజి నాది. ఆరింటికి రా."