అవ్వ చెకుముకి సంచి

అనగనగా కుంకుమగిరి అని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు, ఆ ముగ్గురికీ కలిపి ఒకే ఒక అవ్వ.

రాజు పేరు కీర్తిపాలుడు. పెద్దకొడుకు రత్నపాలుడు, నడిపివాడు మణిపాలుడు. చిన్నవాడు నీలుడు. నీలుడు పుట్టగానే తల్లి పోయింది. వాడికి పాలు పట్టిందీ, నడక నేర్పిందీ, వీపు మీద రెండు తగిలించిందీ అంతా అవ్వే. అందుకే వాడు మీసాలొచ్చాక కూడా అవ్వ కొంగు వదిలేవాడు కాదు.

ఆ కోట వంటసాలలో తాతముత్తాతల నాటి పొయ్యి ఒకటి ఉండేది. దాన్ని పెద్దపొయ్యి అనేవాళ్లు. అది ఏనాడూ ఆరి ఎరగదు. తెల్లవారితే చాలు, ఊళ్లో ఆడవాళ్లంతా పిడక పట్టుకుని వచ్చి, దాని మీద ఇంత నిప్పు పెట్టించుకుని పోయేవాళ్లు. ఆ నిప్పుతోనే ఇంటింటా పొయ్యి, ఇంటింటా దీపం. ఆ దేశంలో ఎవరూ చెకుముకి రాయి దాచుకునేవాళ్లు కాదు. దాచుకుంటే తప్పు పట్టేవాళ్లు. "పెద్దపొయ్యి ఆరిపోతుందని కాచుక్కూర్చున్నావా?" అని దెప్పేవాళ్లు.

అవ్వ మాత్రం దాచుకుంది. ఆమె కొండ మీది పిల్ల. కోడలిగా వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు ఒడిలో పెట్టిన తోలుసంచి ఆమె మొలలో అలాగే ఉంది. తన గది ముందున్న చిన్న పొయ్యిని తన రాయితోనే ముట్టించుకునేది. తోటికోడళ్లు నవ్వారు, దాసీలు నవ్వారు. నవ్వితే నవ్వారని ఆమె జావ ఆమె కాచుకునేది.

ఒకనాడు సాయంత్రం, దీపాలు పెట్టేశాక, కోట వాకిట్లోకి ఒక ముసలి బైరాగి వచ్చాడు. పళ్లు టకటకమంటున్నాయి, ఒళ్లు గజగజమంటోంది.

"రాజా, చలిగా ఉంది. పిడికెడు నిప్పు పెట్టించు" అన్నాడు.

అవ్వ లోపలి నుంచి కేకేసింది. "నాయనా, దీపాలు పెట్టాక నిప్పు ఇవ్వకూడదు. పొద్దున రమ్మను."

"ఊరుకో అమ్మా. అడిగినవాడికి లేదంటే మన పెద్దపొయ్యి పరువేం కావాలి?" అని రాజు బైరాగిని వంటసాలలోకి తీసుకుపోయాడు.

ఆ బైరాగి బైరాగి కాదు. ఏడు సముద్రాల అవతల ఉండే చలిమాయుడనే మాంత్రికుడు. వాడు పెద్దపొయ్యిలో చెయ్యి పెట్టి, మంటను మొదలంటా పెకలించి, ముద్దలా చేసి, గుటుక్కున మింగేశాడు. గాలిలో కలిసి మాయమయ్యాడు. తల్లి నిప్పు పోయేసరికి పిల్ల నిప్పులన్నీ దాని వెంటే పోయాయి. ఇంటింటా పొయ్యి ఆరింది, ఇంటింటా దీపం ఆరింది.

అవ్వ రాయి కొట్టి చూసింది. మంట పుట్టింది. పుట్టినట్టే పుట్టి, పొయ్యిలోంచి లేచి, పిట్టలా దక్షిణం వైపు ఎగిరిపోయింది. మళ్లీ కొట్టింది. మళ్లీ ఎగిరిపోయింది.

"ఇది ఏడు సముద్రాల అవతలి చలిమాయుడి పని. వాడి మంత్రం ఉన్నంతకాలం మన పొలిమేరలో పుట్టిన మంట వాడి కడుపులోకే పోతుంది" అంది అవ్వ.

ఇక చలి మొదలైంది. జనం పచ్చి గింజలు నమిలారు, నానబెట్టిన అటుకులు తిన్నారు. అవ్వకు పళ్లు లేవు. పచ్చివి నమలలేదు, చల్లనివి గొంతు దిగవు. రోజురోజుకూ దుప్పటిలో ఇంతింతై కుంచించుకుపోతోంది. నీలుడు ఆమె పాదాలు తన చేతుల్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చునేవాడు.

"ఒక్క గుక్క వేడి జావ తాగితే చాలురా. తర్వాత పోయినా ఫరవాలేదు" అంది అవ్వ.

"తాగుదువుగాని. నేనే వచ్చి పొయ్యి వెలిగిస్తా. అప్పటిదాకా నువ్వు ఎక్కడికీ పోకూడదు" అన్నాడు నీలుడు.

"నాతోనే బేరమా?" అని అవ్వ నవ్వింది. కానీ సరేనంది.

రాజు ముగ్గురు కొడుకులనూ పిలిచాడు. "చలిమాయుణ్ణి పట్టి నిప్పు తెచ్చినవాడికి నా సింహాసనం. దారిలో అడవులున్నాయి, సముద్రాలున్నాయి. నిప్పు పుట్టించే వస్తువు తలా ఒకటి ఎంచుకుని బయలుదేరండి" అన్నాడు.

పెద్దవాడు ఖజానాలోకి పోయి సూర్యకాంతమణి తీసుకున్నాడు. కొబ్బరికాయంత మణి, చుట్టూ బంగారు కట్టు. ఎండకు పట్టుకుంటే రెప్పపాటులో గడ్డి అంటుకుంటుంది. దాన్ని ముద్దు పెట్టుకుని గుర్రమెక్కాడు.

నడిపివాడు యాగశాలలోకి పోయి అరణి తీసుకున్నాడు. జమ్మికొయ్య మీద రావికొయ్య పెట్టి కవ్వంలా చిలికితే నిప్పు పుడుతుంది. గంధపు పెట్టెలో పెట్టించాడు. పెట్టె మొయ్యడానికి ఒక గుర్రం, తాను ఎక్కడానికి ఇంకొక గుర్రం.

చిన్నవాడు అవ్వ దగ్గరికి పోయాడు.

అవ్వ మొలలోంచి తోలుసంచి తీసింది. అందులో మూడే వస్తువులు. రేగుపండు రంగు చెకుముకి రాయి ఒకటి. వేళ్లకు పట్టేలా వంచిన ఉక్కు ముక్క ఒకటి. మూత ఉన్న చిన్న వెదురు గొట్టం ఒకటి, దానిలో మాడ్చి నల్లగా చేసిన పేలికలు మూడు. అవి ఆమె పాత చీర చించి మాడ్చినవి.

"నిప్పు వస్తువు ఎంచుకునేవాడు మూడు సంగతులు అడగాలిరా. మొలలో ఇముడుతుందా? వానలో పనికొస్తుందా? కళ్లు కానరాని చీకట్లో చేతికి తెలుస్తుందా? మూడింటికీ అవునంటే అది నీది. కాదంటే ఎంత బంగారం తాపడం చేసినా బరువే."

"అంతేనా అవ్వా?"

"ఇంకోటుంది. పని కాగానే పేలికను గొట్టంలో దూర్చి మూత పెట్టు. ఊపిరాడక ఆరిపోతుంది. ఆరిన పేలికకే మళ్లీ రవ్వ ఇట్టే అంటుకుంటుంది. ముట్టించడం కోతికైనా నేర్పొచ్చు. మూత పెట్టడం గుర్తుండాలి."

అన్నలిద్దరూ ఆ సంచి చూసి కడుపుబ్బా నవ్వారు. "తమ్ముడూ, మాంత్రికుడికి చుట్ట ముట్టించి వస్తావా?" అని ఎగతాళి చేస్తూ గుర్రాలు దౌడు తీయించారు. నీలుడు సంచి మొలలో దోపుకుని కాలినడకన బయలుదేరాడు.

పొలిమేర దాటాక నల్లటి అడవి. ఆ అడవిలో ఎడతెగని వాన. ఒక బండ కింద పెద్దన్న ముడుచుకుని కూర్చున్నాడు, ఒళ్లో మణి.

"ఏం అన్నా, ఆగిపోయావు?"

"ఎండ కోసం చూస్తున్నాను. ఇవాళ కాకపోతే రేపైనా రాదా?" అన్నాడు పెద్దన్న, దవడలు కొట్టుకుంటుంటే.

ఆ పక్కనే ఒక తల్లి ఎలుగుబంటి, దాని పొట్ట కింద తడిసి ముద్దయిన పిల్ల. "అయ్యా, నా బిడ్డ చల్లబడిపోతోంది. ఈ దొర నిన్నటి నుంచీ రేపు నిప్పు ఇస్తానంటున్నాడు" అంది ఎలుగుబంటి.

నీలుడు బండ కింది ఎండుబెరడు గీకి కుప్పపోశాడు. గొట్టంలోంచి పేలిక తీసి రాయి అంచున పెట్టాడు. ఉక్కుతో ఒక్క దెబ్బ. రవ్వ రాలింది, పేలిక ఎర్రబడింది, ఊదితే బెరడు భగ్గుమంది. ఎలుగుబంటి పిల్ల మంట దగ్గరికి జరిగి ఆవులించింది. ఆ సంబరంలో నీలుడు మూత సంగతి మరిచిపోయాడు. చూసేసరికి పేలిక కాలి బూడిదైంది. 'ఒకటి పోయిందవ్వా' అనుకున్నాడు.

పెద్దన్న మంట వదిలి రానన్నాడు. ఎలుగుబంటి నీలుణ్ణి వీపు మీద ఎక్కించుకుని సముద్రం ఒడ్డున దించింది.

ఒడ్డునంతా పొగమంచు. నడిపన్న ఇసుకలో కూర్చుని కొయ్యలు చిలుకుతున్నాడు. చేతులు బొబ్బలెక్కాయి. అలలకు తడిసిన కొయ్యలోంచి నురగ వస్తోంది గాని పొగ రావడం లేదు.

"ఒక్కడి వల్ల కాదురా. నేను చిలుకుతా, నువ్వు అదిమిపెట్టు" అన్నాడు రొప్పుతూ.

మంచులోంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ఒడ్డున ఎవరు? మజ్జిగ చిలుకుతున్నారా? వెన్న పడితే నాకూ ఇంత పెట్టండి."

అది మొగిలి గొంతు. మొగిలి పడవ నడిపే పిల్ల. ఏడు సముద్రాలూ ఆమెకు వాకిలి లాంటివి. కానీ మంచులో రాళ్లుంటాయి. ఒడ్డున మంట చూపించందే ఆ తీరంలో ఏ పడవా దరికి రాదు.

నీలుడు ఎండిన తాటాకులు ఏరి, రెండో పేలిక తీసి, ఒక్క దెబ్బ కొట్టాడు. మంట లేచింది. పడవ వచ్చింది. పడవలోంచి చెంపకు ఉప్పు మరకలతో మొగిలి దిగింది. ఆమెను చూస్తూ నిలబడి మళ్లీ మూత మరిచిపోయాడు. రెండో పేలిక కూడా బూడిదైంది.

"చెయ్యి కాలుతోంది, చూసుకో" అంది మొగిలి.

పడవ సాగింది. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో మొగిలి ముక్కు మూసుకుని తెడ్డు వేసింది. నేతి సముద్రం రాగానే, "ఇక్కడ మాత్రం ఆ సంచి తీశావో, నిన్ను బూరెలా వేయించి తీస్తుంది" అంది. పెరుగు సముద్రం, పాల సముద్రం, చివరికి మంచినీళ్ల సముద్రం. దారిలో అతను అవ్వ గురించి చెప్పాడు. నవ్వుతాలుగా మొదలుపెట్టినవాడు చెబుతూ చెబుతూ మొలలో సంచి తడిమి చూసుకున్నాడు. మొగిలి తెడ్డు ఇంకా గట్టిగా వేసింది.

ఏడో సముద్రం అవతలి అంచున ఒక దీవి. దీవిలో ఒక గుహ. నీలుడు మూడో పేలికతో కాగడా ముట్టించాడు. ఈసారి మరవలేదు. గోరంత మిగిలిన పేలికను గొట్టంలో దూర్చి మూత బిగించాడు.

గుహలో అడుగుపెట్టగానే పైనుంచి ఒక గబ్బిలం మూలిగింది. "నాయనా, నీ వెలుగుకు నా కళ్లు మండుతున్నాయి. ఆర్పవూ?"

కాగడా ఆర్పితే కటిక చీకటి. అయినా నీలుడు గబ్బిలం గొంతులో అవ్వ మూలుగు విన్నట్టయి కాగడాను ఇసుకలో గుచ్చాడు.

"ఈ గుహకు వచ్చినవాళ్లెవరూ నా మాట విని వెలుగు ఆర్పలేదు" అంది గబ్బిలం. "నువ్వు ఆర్పావు గనుక చెబుతున్నా. చలిమాయుడు లోపలి అరలో నిద్రపోతున్నాడు. వాడి ప్రాణం చిలుకలో లేదు, మిణుగురులో ఉంది. గుహ చివర వేలకు వేల మిణుగురులున్నాయి, అందులో అదొకటి. పొరపాటున వేరేదాన్ని ముట్టుకున్నావో, వాడు మేలుకుని నిన్ను మంచుగడ్డ చేస్తాడు."

నీలుడు తడుముకుంటూ పోయాడు. గుహ చివర ఆకాశం ఊడిపడ్డట్టుంది. ఎటు చూసినా మినుకు మినుకు. అన్నీ ఒకటే పోలిక.

కాసేపు ఆలోచించాడు. 'వీడు నిప్పు దొంగ. దొంగ ప్రాణానికీ దొంగ ఆకలే ఉంటుంది' అనుకున్నాడు. మూత తీసి, గోరంత పేలికను గొట్టం అంచున పెట్టి, చీకట్లో చేతి గురుతు మీదే ఉక్కుతో ఒక్క దెబ్బ కొట్టాడు.

రవ్వ రాలింది. బుద్ధిగల మిణుగురులన్నీ బెదిరి వెలుగు ఆర్పేసుకున్నాయి. ఒక్కటి మాత్రం ఆర్పలేదు. ఎర్రబడ్డ పేలిక మీదికి ఆబగా వచ్చి వాలింది. నీలుడు పేలికతో సహా దాన్ని గొట్టంలోకి నెట్టి మూత బిగించాడు.

లోపలి అరలోంచి చలిమాయుడు గొంతు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "మూత తియ్యరా బాబూ, ఊపిరాడటం లేదు."

"మా నిప్పు మాకియ్యి, తీస్తాను."

చలిమాయుడు దగ్గాడు. దీపాల మంటలు బయటికొచ్చాయి. "ఇంతే."

"ఇంతే అయితే మూత ఇంతే."

మళ్లీ దగ్గాడు. ఇంటింటి పొయ్యి మంటలూ వచ్చాయి. "నా మీద ఒట్టు, ఇంక లేదు."

"నీ ఒట్టు గట్టు మీద పెట్టు. పెద్దపొయ్యి ఏది?"

మూడోసారి కడుపు పట్టుకుని దగ్గాడు. పెద్దమంట బయటపడి గుహంతా వెలిగింది. మంటలన్నీ బారులు తీరి, గూటికి పోయే కొంగల్లా ఉత్తరానికి ఎగిరిపోయాయి. నీలుడు మాట తప్పలేదు, మూత తీశాడు. మిణుగురు బయటికొచ్చి మిగతావాటిలో కలిసిపోయింది. మంత్రమంతా మంటలతో పోయింది. చలిమాయుడు వట్టి ముసలివాడై మిగిలాడు.

"నాకు నిప్పు చేసుకోవడం ఎవరూ నేర్పలేదు" అన్నాడు గొణుగుతూ.

"నేర్పుతాంలే. ముందు పడవెక్కి నీళ్లు తోడు" అంది వెలుగు చూసి గుహలోకి వచ్చిన మొగిలి.

వస్తూ వస్తూ నడిపన్ననూ, ఎలుగుబంటి కుటుంబంలో కలిసిపోయిన పెద్దన్ననూ వెంటబెట్టుకుని ఇల్లు చేరారు. ఊరంతా వెలుగే, ఊరంతా అన్నం ఉడికే వాసనే. నీలుడు పరుగు పరుగున అవ్వ గదికి పోయాడు. అక్కడ మాత్రం చీకటి. పొయ్యి చల్లగా ఉంది. అవ్వ దుప్పటిలో పక్షిపిల్లలా ఉంది.

రాజు కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. "నాలుగు దిక్కుల నుంచీ నిప్పు తెచ్చి పెట్టామురా. వద్దంటుంది. గంజి తెస్తే మొహం తిప్పేసుకుంది."

"వాడు వచ్చి వెలిగిస్తానన్నాడు" అంది అవ్వ, గొంతు లేచీ లేవక. "వాడు రాకముందే వెలిగిస్తే, వాడింక రాడని నేను ఒప్పుకున్నట్టు. నేనెందుకు ఒప్పుకుంటాను?"

నీలుడు గొట్టం మూత తీశాడు. అడుగున మినపగింజంత పేలిక. ఆరి, నల్లగా, సిద్ధంగా ఉంది. ఇది తప్పిపోతే ఇంకొకటి లేదు. మొగిలి పక్కన కూర్చుని తన పడవలోని కొబ్బరిపీచు పొయ్యిలో పరిచి, రెండు చేతులూ గాలికి అడ్డం పెట్టింది.

ఒక్క దెబ్బ. ఒక్క రవ్వ. పేలిక ఎర్రబడింది, పీచు అందుకుంది, పొయ్యి వెలిగింది.

జావ కాగింది. అవ్వ తల ఒళ్లో పెట్టుకుని నీలుడు చిప్పతో పోశాడు. మొదటి గుక్క మింగింది. రెండో గుక్క మింగింది. మూడో గుక్కకు కళ్లు తెరిచి, "ఉప్పు వెయ్యలేదేంరా వెధవా" అంది. అప్పటిదాకా ఏడవని నీలుడు అప్పుడు ఏడ్చాడు.

ఉప్పు తెచ్చిన మొగిలిని అవ్వ పైనుంచి కిందిదాకా చూసింది. "గాలికి చెయ్యి అడ్డం పెట్టింది ఈ పిల్లేనా? ఎవరమ్మాయి?"

"పడవ వాళ్లమ్మాయిని అవ్వా."

"వీడు మూత మరిచిపోతాడు. నువ్వు గుర్తు చేస్తావా?"

"ఇప్పటికే రెండుసార్లు మరిచాడు" అంది మొగిలి, నీలుడి వంక చూడకుండా.

మంచి రోజు చూసి పెళ్లి చేశారు. అవ్వ తన తోలుసంచిని మొగిలి ఒడిలో పెట్టింది, గొట్టం నిండా కొత్త పేలికలతో. ఈసారి మాడ్చింది నీలుడి చిన్నప్పటి ఉయ్యాల గుడ్డను. అన్నలిద్దరూ తమ్ముడికే పట్టం కట్టారు. చలిమాయుడు ఇంటింటికీ తిరిగి పిల్లలకు రాయి కొట్టడం నేర్పాడు. పెద్దపొయ్యి పెద్దపొయ్యిలాగే వెలిగింది. కానీ అప్పటినుంచి ఆ దేశంలో పెళ్లికూతురి ఒడిలో బియ్యంతో పాటు చెకుముకి సంచి లేకపోతే పెళ్లి కాలేదనే లెక్క. నీలుడూ మొగిలీ చాలాకాలం చల్లగా ఏలారు, వెచ్చగా బతికారు. అవ్వ మనవడి పిల్లలకు కూడా జావ కాచిపెట్టాకే పోయింది.

పొయ్యి మీద జావ దిగింది, కథ పొయ్యి దిగింది. ఇక పడుకోండి. గొట్టానికి మూత పెట్టారో లేదో చూసుకుని మరీ పడుకోండి.