గీత కదలని పదకొండు రోజులు

ఓబులేసుకు ఒకటే బాధ. ఆశ్రమానికి వచ్చినవాళ్ళందరూ అతను చేసిన పనిని నోరు తెరిచి చూస్తున్నారు. రాచమ్మవ్వ మాత్రం ఒక్క మాట అనలేదు.

ఎర్రకొండ మీది ఆ ఆశ్రమానికి రాచమ్మవ్వ గురువు. తన గురువు దగ్గర విని నేర్చుకున్న రెండు వందల పద్నాలుగు తత్వాలు ఆమె నోట్లోనే ఉన్నాయి. ఎక్కడా రాసి లేవు. ఒక్కటి కూడా జారవిడవలేదని ఆమెకు చాలా గర్వం. డెబ్బై తొమ్మిదో ఏట మొదటిసారి ఒక చరణం జారింది. ఆ తర్వాత ఇంకొకటి. ఎక్కడో పెట్టి మరిచిన తాళంచెవి కోసం నిలబడ్డట్టు ఒక్కోసారి పల్లవి దగ్గరే నిలబడిపోయేది.

అందుకని రోజూ పొద్దు పొడిచే వేళకు ఒక తత్వం పాడి రికార్డు చేయించడం మొదలుపెట్టింది.

"మన పాటలు మన గడపలోనే ఉండాల. ఎక్కడో ఎవరి దగ్గరో వద్దు," అని ముందే చెప్పింది.

పట్నంలో పదేళ్ళు కంప్యూటర్ల పని చేసి వచ్చినవాడు ఓబులేసు. ధాన్యం గదిలో చోటు చేసి ఒక సర్వరు పెట్టాడు. అవ్వ పాడిన పాట నేరుగా దాంట్లోకి వెళ్ళి చేరేది.

తర్వాత దానికి కాపలా కూడా పెట్టాడు. సర్వరు ఎంత వేడెక్కింది, అందులో ఎంత చోటు మిగిలింది, కరెంటు ఎట్లా వస్తోంది, ఇట్లా కొలతకొక గీత. మొత్తం ముప్పై ఎనిమిది గీతలు. అవన్నీ కనబడేలా భోజనాల సావడిలో పెద్ద టీవీ తగిలించాడు. అంతా బాగుంటే ఆకుపచ్చ రంగు. ఏ కొలత హద్దు దాటినా గంట మోగుతుంది.

"దీన్ని డాష్‌బోర్డు అంటారు," అని వచ్చినవాళ్ళకు చెప్పేటప్పుడు అతని ఛాతీ అంగుళం పొంగేది.

ఒకరోజు ఉండబట్టలేక అవ్వను టీవీ ముందుకు పిలిచాడు.

"చూడండవ్వా. రెండు వారాల కింద ఈ గీతలు కోతుల్లాగా ఎగిరేవి. ఇప్పుడు ఒక్కటైనా కదులుతోందా? అంతా పచ్చగా, నిశ్చలంగా ఉంది."

నిశ్చలం. ఆ ఆశ్రమంలో అంతకన్నా పెద్ద మాట లేదు. అక్కడ అందరూ కళ్ళు మూసుకుని కూర్చునేది దానికోసమే.

అవ్వ మజ్జిగ గ్లాసు దించి టీవీ వైపు చూసింది.

"అరవై ఏండ్లు కూర్చున్నా నాకే చిక్కలేదు. నీ పెట్టెకు అప్పుడే వచ్చేసిందా? ఎంత పుణ్యం చేసుకుందో!"

సావడిలో అందరూ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు. అది మెప్పే అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే దూరపు ఊరి నుంచి వచ్చిన ఒకామె, సోమవారం అవ్వ పాడిన పాట మళ్ళీ వినాలని అడిగింది. ఓబులేసు వెతికాడు. సోమవారం పాట లేదు. ఆదివారం పాటా లేదు. ఒక్కో రోజే వెనక్కి పోయి చూశాడు. పదకొండు రోజుల పాటలు లేవు.

సర్వరులో చోటు నిండిపోయింది. కొత్త పాటలు లోపలికి చేరనే లేదు. చోటు నిండడానికి ముందురోజే, టీవీకి కొలతలు పంపే చిన్న ప్రోగ్రాం ఆగిపోయింది. టీవీ చివరిసారి అందిన అంకెలనే పట్టుకుని, పచ్చగా, కదలకుండా ఉండిపోయింది.

ఓబులేసు అవ్వ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"తప్పు జరిగితే గంట మోగాలని పెట్టినానవ్వా. ఆ తప్పు చెప్పాల్సిందే ఆగిపోయింది. నన్నెవరూ పిలవలేదు."

"ఏ పదకొండు?" అంది అవ్వ.

అతను కళ్ళు మూసుకుని ఒక్కో పల్లవీ గుర్తు చేసుకుంటూ చెప్పాడు. అవ్వ వేళ్ళ మీద లెక్కపెట్టింది. చివరిది చెప్పగానే ఆమె వేలు ఆగిపోయింది.

"మూడు బావుల పాటా? నలభై ఏండ్లుగా పాడనేలేదు. ఆ పొద్దు దానంతటదే నోటికొచ్చింది. మళ్ళీ వస్తుందో రాదో."

ఓబులేసు తలెత్తలేకపోయాడు.

"రేపు పొద్దున రికార్డు మిషను పెట్టుకుని కూర్చో," అని అవ్వ లోపలికి వెళ్ళిపోయింది.

తెల్లవారింది. ఓబులేసు మిషను పెట్టుకుని కూర్చున్నాడు. ఎండ సావడి గడప దాటి లోపలికొచ్చింది. అవ్వ గొంతు వినబడలేదు. ఇంకాసేపు చూశాడు. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె గుడిసెకు పరుగెత్తాడు.

అవ్వ మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది.

"ఎవరు పిలిచినారప్పా నిన్ను?"

"ఎవరూ పిలవలేదవ్వా," అన్నాడు రొప్పుతూ. "పొద్దెక్కింది. మీరు పాడలేదు. అందుకే..."

అక్కడ ఆగిపోయాడు.

అవ్వ దువ్వెన పక్కన పెట్టి లేచింది. "పద. పాడదాం."

సాయంత్రానికి సావడి టీవీ మీద ముప్పై ఎనిమిది గీతలూ పోయాయి. ఒక్క అంకె మిగిలింది. చివరి పాట వచ్చి చేరి ఎన్ని గంటలైందో చెప్పే అంకె అది. ఒక రోజు దాటినా కొత్త పాట రాకపోతే గంట మోగుతుంది. ఆ గంట ఇప్పుడు సర్వరు చేతిలో లేదు. వంటింటి గూట్లో వేరే చిన్న పెట్టెలో ఉంది.

వచ్చినవాళ్ళు టీవీ చూసి "ఇంతేనా?" అంటున్నారు. ఓబులేసు గిన్నెలు తోముతూ, నీళ్ళు తోడుతూ, తనలో తనే ఏవో చరణాలు గొణుక్కుంటున్నాడు.

అవ్వ రోజుకొకటి చొప్పున పది పాటలు తిరిగి పాడింది. పదకొండో ఉదయం మూడు బావుల పాట ఎత్తుకుంది. పల్లవి వచ్చింది. మొదటి చరణం వచ్చింది. రెండో చరణం దగ్గర పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆమె కళ్ళు మూసుకుంది. మిషను మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

ఓబులేసు అడగలేదు, ఆలోచించలేదు. ఆమె ఆగినచోట రెండో చరణం అందుకున్నాడు. శ్రుతి కొంచెం తప్పింది. మాట ఒక్కటీ తప్పలేదు.

అవ్వ కళ్ళు తెరిచి చరణం అయ్యేదాకా అతన్నే చూసింది. నడుము నిటారు చేసి కూర్చుంది. తర్వాత సావడిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేంత గట్టిగా అంది:

"ఎవరు పిలిచినారప్పా నిన్ను?"

ఓబులేసు తల దించుకున్నాడు. మూడో చరణం ఇద్దరూ కలిసి పాడారు.