ముల్లు కదలని కారు

గిద్దలూరులో నారపరెడ్డి అనే రిటైరైన తాసిల్దారు ఉండేవాడు. తనకు నచ్చని సంగతి మనిషి చెప్పినా, మిషను చెప్పినా అది అబద్ధమని కొట్టిపారేయడం ఆయన గుణం. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఫలానా ఊళ్లో పంట ఎండిందని ఎవరైనా రిపోర్టు తెస్తే, "ఇది కాదు, సరిగ్గా రాసుకురా పో" అని తిప్పి పంపేవాడు. పచ్చగా ఉందని రాసుకొస్తే సంతకం పెట్టేవాడు. పంట ఎలాగూ ఎండిపోయేది. కాగితం మీద మాత్రం పచ్చగా ఉండేది, ఆయనకు అది చాలు. భార్య ఓబుళమ్మ కాళ్లు వాచినప్పుడూ అంతే. కిడ్నీలు దెబ్బతిన్నాయని రక్తపరీక్షలో తేలితే, ఆ ల్యాబువాడికి పరీక్ష చేయడం రాదని మూడు ల్యాబులు మార్చాడు. నాలుగోవాడూ అదే చెప్పేసరికి ఏడాది గడిచిపోయింది.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఆమెను డయాలసిస్‌కు నంద్యాల తీసుకెళ్లాల్సి వచ్చింది. నల్లమల కొండల ఘాటు రోడ్డు దాటి పోవాలి. ఆయనకు పదిహేడేళ్ల నాటి కారు ఒకటి ఉంది. రేడియేటరులో కూలెంటు పోయించమని ఎవరన్నా అంటే, "నీళ్లుండగా రంగునీళ్లు దేనికి?" అని ఇంటి బోరునీళ్లే పోసేవాడు. ఆ నీళ్లు కాస్తే గిన్నె అడుగున సున్నం కడుతుందని ఓబుళమ్మకు తెలుసు. ఆ మాట ఆయనతో అంది కూడా. ఆయన వింటేగా.

మే నెలలో కారు ఏసీ మొరాయించింది. ఊళ్లో చల్లగానే వచ్చేది. ఘాటు ఎక్కడం మొదలుపెట్టగానే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోయేది, ఏసీ ఆగిపోయేది. ఓబుళమ్మ సగం ప్రాణంతో ఆస్పత్రికి చేరేది. ఒకరోజు "ఈ ఎండలో నా వల్ల కాదండీ" అని ఆమె మంచం దిగలేదు. ఆ వంతు తప్పిపోయింది. మర్నాటికి ముఖం ఉబ్బింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. తర్వాతి వంతు శుక్రవారం. అది తప్పితే ఆమె ప్రాణానికి పూచీ లేదని డాక్టరు ఫోనులో గట్టిగా చెప్పాడు.

నారపరెడ్డి బుధవారం పొద్దున్నే కారును దస్తగిరి షెడ్డుకు తోలుకెళ్లాడు. దస్తగిరి ముప్పై ఏళ్లుగా అదే షెడ్డులో కార్లు బాగుచేస్తున్న పాత మెకానిక్కు. అతను ఏసీ గ్యాసు చూశాడు, నిండుగా ఉంది. కంప్రెసరు, రిలే, ఫ్యాను చూశాడు. అన్నీ బాగున్నాయి. అప్పుడు ఇంజను వేడిని కొలిచే సెన్సారు విప్పాడు. ఎదురుగా ఉన్న టీకొట్టు నుంచి గ్లాసుడు మరిగే నీళ్లు తెప్పించి, సెన్సారును అందులో ముంచి మీటరు పెట్టాడు. నీళ్లు చల్లారేకొద్దీ మీటరులో అంకె మారుతూ వచ్చింది.

"సెన్సారు బాగుంది సార్. ఇంజను మరీ కాగితే దాని మీద బరువు తగ్గిద్దామని ఏసీని ఆపిస్తోంది. ఇంజను నిజంగానే కాగిపోతోంది" అన్నాడు.

"బండి నాది. కాగుతోందో లేదో నాకు తెలీదా? ఆ సెన్సారే పాడైంది, కొత్తది వెయ్యి."

కొత్తది వేసి ఇద్దరూ ఘాటు దాకా పోయొచ్చారు. ఏసీ మళ్లీ అక్కడే ఆగింది. దస్తగిరి బండి చల్లారనిచ్చి, రేడియేటరు మూత తీసి లోపల వేలితో గీకి చూపించాడు. గోటికి తెల్లగా సున్నం పెళ్ల వచ్చింది.

"గొట్టాలు పూడిపోయాయి సార్. దీన్ని దింపి శుభ్రం చేయాలి. శనివారం దాకా బండి వదలండి. శుక్రవారం అమ్మను తీసుకుపోవడానికి మా బామ్మర్ది కారు పంపిస్తాను."

"నా కారుండగా ఇంకొకరి కారెందుకు? కొత్త సెన్సారు కూడా దొంగదే అంటగట్టావు. దాన్ని పీకేసి, ఏసీ ఆగకుండా డైరెక్ట్ చెయ్యి."

దస్తగిరి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఆ పని నేను చెయ్యను సార్. అది ఆపుతోంది కాబట్టే ఇంజను ఇంకా బతికుంది."

"చేసేవాడు దొరక్కపోడులే" అని నారపరెడ్డి విసురుగా వెళ్లిపోయాడు.

దొరక్కేం, అలాంటివాళ్లు అడుగడుగునా దొరుకుతారు. బైపాసు రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న మద్దిలేటి పావుగంటలో పని ముగించాడు. సెన్సారు తీగ ఊడదీసి, దాని చోట చిన్న రెసిస్టరు ముక్క పెట్టి టేపు చుట్టాడు. ఇక ఇంజను ఎంత కాగినా బండికి తెలియదు. ముల్లు మధ్యలో నిలబడింది, ఏసీ ఆగకుండా వచ్చింది. నారపరెడ్డికి మనసు కుదుటపడింది.

శుక్రవారం పదకొండింటికి బయలుదేరారు. ఘాటు సగం ఎక్కినా కారులో చల్లగానే ఉంది.

"చూశావా? ఆ దస్తగిరి మాట వింటే ఇంకా షెడ్డు చుట్టూ తిరుగుతుండేవాణ్ణి" అన్నాడు నారపరెడ్డి.

ఓబుళమ్మ కళ్లు మూసుకునే, "ఏదో మాడు వాసన వస్తోందండీ" అంది.

"అడవి కదా, ఎక్కడో ఆకులు తగలబెట్టుంటారు."

కాసేపటికి, "ఇంజనులో ఏదో కొట్టుకుంటోంది" అంది.

"ముల్లు చూడు, కదిలిందా? నీకన్నీ అనుమానాలే. పడుకో."

ముల్లు ఎక్కడ కదులుతుంది పాపం, కదలకుండా కట్టేశారు కదా. ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక ఇంజను కీచుమని అరిచి పట్టేసింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది. తాళం తిప్పితే టక్కుమనడమే తప్ప ఇంకేం లేదు. చుట్టూ అడవి, ఫోనుకు సిగ్నలు లేదు.

అదృష్టమే అనాలి, ఐదు నిమిషాల్లో ఒక బత్తాయి లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి వాసన చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇంజను పట్టేసింది పెద్దాయనా, ఇది ఇక లేవదు. అమ్మకు బాగా ఆయాసంగా ఉన్నట్టుంది. క్యాబిన్లో కూర్చోబెట్టండి, నంద్యాలలో దింపుతాను."

"వేడెక్కింది, అంతే. పది నిమిషాలు చల్లారితే అదే స్టార్టవుతుంది. నువ్వు పో" అన్నాడు నారపరెడ్డి.

"లారీ ఎక్కుదామండీ" అంది ఓబుళమ్మ. ఆ రెండు మాటలకే ఆమెకు రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

"నీకేం కాలేదు. ఊరికే కంగారు పడకు."

లారీ వెళ్లిపోయింది. పది నిమిషాలయ్యాయి, అరగంటయింది. నారపరెడ్డి తాళం తిప్పుతూనే ఉన్నాడు. వడగాలి తలుపుల్లోంచి మంటలా కొడుతోంది. వెనక్కి వాలితే ఊపిరాడక ఓబుళమ్మ ముందు సీటు పట్టుకుని వంగి కూర్చుంది. ఆమె పెదాలు నీలంగా మారడం చూశాక గానీ ఆయనకు భయం వేయలేదు. అప్పుడు రోడ్డు మీదికి పరుగెత్తాడు. రెండు కార్లు ఆగకుండా పోయాయి. చివరికి ఒక బస్సు ఆగింది, జనం ఆమెను ఎత్తి సీట్లో కూర్చోబెట్టారు.

నంద్యాల దగ్గర పడుతుండగా "దాహమేస్తోందండీ" అంది ఆమె. నీళ్లు కొలిచి తాగించమని డాక్టర్లు అన్నారని ఆయన ఒక్క గుక్క పోశాడు. ఇన్నాళ్లకు ఆయన పాటించిన డాక్టరు మాట అది. ఆమె తాగిన ఆఖరి గుక్క కూడా అదే.

ఆస్పత్రిలో డాక్టరు నాడి చూసి, ఛాతీ చూసి, స్టెతస్కోపు చెవుల్లోంచి తీసేశాడు. "గంట ముందు తెచ్చి ఉంటే దక్కేదేమో. దారిలో బండి ఏదీ దొరకలేదా?" అని అడిగాడు.

నారపరెడ్డి భార్య ముఖం మీద పడ్డ జుట్టు సర్దాడు.

"దొరికింది సార్" అన్నాడు. "ఎక్కుదామని తనంది."

ఆపద వస్తోందని చెప్పేవాళ్ల మాట ఎంత చేదుగా ఉన్నా వినాలి. వాళ్ల నోరు నొక్కేస్తే ఆపద ఆగిపోదు, చెప్పకుండా వచ్చి మీద పడుతుంది.