కొమరోజు వేసిన ఇనుము

అనగనగా తాళగిరి అని ఒక రాజ్యం. అక్కడ పొగడ్తకు కరువు లేదు, బుద్ధికే కాస్త కరువు. ఆ రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలుతుండేవాడు.

రాజుగారి కోట ఉన్న ఊళ్లో కొమరోజు అనే చిత్రకారుడు ఉండేవాడు. నాటకాలాడేవాళ్లకు కవచాలు చేసి, వాటి మీద బొమ్మలు వేయడం అతని పని. తేలికైన పొణికి కర్రను పలచగా చెక్కేవాడు. చింతగింజల బంకతో దాని మీద గుడ్డ అంటించేవాడు. ఆ పైన దీపపు మసి కలిపిన నల్లటి పూత పూసి, గులకరాయితో నున్నగా రుద్దేవాడు. ఆ పూతను ఆ పనివాళ్లు తమలో తాము "ఇనుము" అని పిలుచుకునేవారు. "ఇనుము ఆరిందా?" అనేవారు. ఇంకో పొర పూయాలంటే "ఇంకో చెయ్యి ఇనుము వెయ్యి" అనేవారు. పూత ఆరాక రాజు వేషానికి సింహం, రాక్షసుడి వేషానికి మొసలి, ఎవరు ఏది కోరితే అది వేసి ఇచ్చేవాడు కొమరోజు.

ఒకసారి జాతరలో నాటకం చూసి ఒక వస్తాదు నోరు వెళ్లబెట్టాడు.

"ఇంత బరువు మోస్తూ ఎలా గెంతుతున్నాడయ్యా! అది నిజంగా ఇనుమేనా?"

"పూతకు ఇనుమని పేరు పెట్టుకున్నాం గాని, లోపలున్నది కర్రే బాబూ. కావాలంటే తట్టి చూడండి" అన్నాడు కొమరోజు.

వస్తాదు తట్టి చూసి పడీపడీ నవ్వాడు. జనమూ నవ్వారు. నిజం చెప్పినందుకు కొమరోజు గౌరవం పెరిగిందే గాని తరగలేదు.

ఇలా ఉండగా రాజుగారికి ఒక ముచ్చట పుట్టింది. ఆయుధశాలలోని కవచాలన్నీ కరిగించి, కోట ముందు తన విగ్రహం పోయించుకున్నాడు. విగ్రహం మీసాలకే ఎందరి కవచాలు పట్టాయో! వద్దన్నవాడు ఒక్కడూ లేడు.

ఆ సంగతి పొరుగున ఉన్న నీలగుండ రాజు చెవిన పడింది. దండెత్తే ముందు తాళగిరి బలమెంతో చూసి రమ్మని దూతను పంపాడు. ఉద్దండవర్మకు చెమటలు పట్టాయి. కొమరోజును పిలిపించాడు.

"నా సైనికులందరికీ నీ కవచాలు కావాలి. చూసిన దూతకు గుండె జారిపోవాలి."

"ప్రభూ, అవి వేషాలకే గాని..."

"ఒక్క పూట వేషమే అనుకో."

కోటలో తలుపులు మూసి పని జరిగింది. ఇది కొత్తరకం తేలిక ఇనుమని సైనికులకు చెప్పారు. కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కానీ రాజుగారి మాట మీద మాట్లాడేదెవరు? పైగా బరువు మోసి భుజాలు కాయలు కాసినవాళ్లు. నమ్మాలనే ఉంది వాళ్లకు, నమ్మారు.

ఆ సైనికుల్లో ఎర్రన్న ఒకడు. కొమరోజు చెల్లెలు అక్కాంబకు ఒక్కగానొక్క కొడుకు. దూరపు పల్లె నుంచి వచ్చి ఆ ఏడే కొలువులో చేరాడు. "అన్నా, వీణ్ణి నీ చేతుల్లో పెడుతున్నాను" అని అక్కాంబ అప్పగించి వెళ్లింది.

దూత వచ్చాడు. బారులు తీరిన కవచాలను, వాటి మీద కోరలు చాచిన సింహాలను చూసి విస్తుపోయాడు. అయినా అనుమానం తీరలేదు. నిండు సభలో కొమరోజునే అడిగాడు.

"సింహాలు వేసింది నువ్వేనట కదా. వాటి కింద ఏముంది?"

రాజు కళ్లు కొమరోజు మీదే ఉన్నాయి.

"చెయ్యి మీద చెయ్యి ఇనుము వేశానండీ" అన్నాడు కొమరోజు.

దూత వణుకుతూ వెళ్లిపోయాడు. నీలగుండ రాజు వెనక్కి తగ్గాడు. కొమరోజుకు సన్మానం జరిగింది. 'నేను అబద్ధమాడలేదు కదా, పూత పేరే చెప్పాను' అనుకుని హాయిగా నిద్రపోయాడు.

కానీ దూత భయపడ్డాడన్న మాట ఊరంతా పాకింది. అందరూ పొగుడుతుంటే విని విని, తన సైన్యాన్ని ఎదిరించేవాడే లేడని ఉద్దండవర్మ కూడా నమ్మేశాడు. తానే నీలగుండ మీద యుద్ధం ప్రకటించాడు.

కొమరోజు పరుగున వెళ్లి రాజు కాళ్ల మీద పడ్డాడు. "ప్రభూ, అది కర్ర. తమకు తెలియనిదా!"

"నిండు సభలో ఇనుమన్నది నువ్వే. ఇప్పుడు కర్ర అన్నావంటే నీ తల ఉండదు" అన్నాడు రాజు.

కొమరోజు బయటికొచ్చాడు. సైన్యం బయలుదేరే వేళ ఎర్రన్నను గోడచాటుకు లాగాడు.

"ఒరేయ్, ఆ కవచం కర్రరా. పారిపో."

ఎర్రన్న నవ్వాడు. "దూత అడిగితే ఇనుమన్నావు కదా మామా. మరి అది?"

"అది పూత పేరురా నాయనా!"

"నామీద ప్రేమకొద్దీ ఇలా అంటున్నావు. నిజంగా కర్రయితే అదిగో, అందరూ అక్కడే ఉన్నారు. వాళ్లతోనూ చెప్పు. నాకొక్కడికే చెవిలో చెబుతావేం?"

కొమరోజు సైన్యం వైపు చూశాడు. రాజు వైపు చూశాడు. ఎర్రన్న చెయ్యి వదిలి గోడచాటునే ఉండిపోయాడు. ఎర్రన్న మామ కాళ్లకు దండం పెట్టి, వెళ్లి వరుసలో నిలబడ్డాడు.

నీలగుండ పొలిమేరలో బాణాలు కురిశాయి. కొమరోజు వేసిన సింహాలు ఒక్క బాణాన్నీ ఆపలేదు. ఉద్దండవర్మ గుర్రమెక్కి అడవుల్లోకి పారిపోయాడు. పోయినవాళ్లను బండ్ల మీద తెచ్చి కోట ముందు దించారు. ఎర్రన్న గుండెల మీద సింహం రెండుగా చీలి, లోపలి తెల్లటి కర్ర కనబడుతోంది.

కొమరోజు పిచ్చివాడిలా అరిచాడు.

"అది కర్ర! అమ్మలారా, అయ్యలారా, అది ఇనుము కాదు, కర్ర!"

యుద్ధం మాట విని పల్లె నుంచి వచ్చిన అక్కాంబ, కొడుకు తల ఒళ్లో పెట్టుకుని అన్న వైపు చూసింది.

"ఈ మాట వీడితో అన్నావా అన్నా?"

"అన్నాను తల్లీ."

"ఇంత గట్టిగా అన్నావా?"

"లేదు తల్లీ. గోడచాటున, చెవిలో చెప్పాను."

"ఇంత గట్టిగా అని ఉంటే, పోతే నీ ఒక్కడి ప్రాణం పోయేది" అంది అక్కాంబ.

పిల్లలూ, నిజాన్ని నలుగురిలో మాటల చాటున దాచినవాడు, రేపు చాటుగా ఎంత నిజం చెప్పినా తనవాళ్లనైనా కాపాడుకోలేడు.